తడిక తీసిన సూదన్న

అనగనగా ఒక అడవిలో ఒక తాలింఖానా ఉండేది. నవ్వకండర్రా! మీకు ఆటల క్లబ్బూ, జిమ్మూ ఉన్నప్పుడు జంతువులకి మాత్రం ఉండకూడదా ఏం? కుస్తీకి మెత్తటి మట్టి గోదా, ఎత్తడానికి గుండురాళ్ళు, ఊగడానికి చెట్టుకొమ్మకి కట్టిన అడ్డతీగ తాడు. చుట్టూ ముళ్ళకంప దడి, దానికో తడిక. సాయంత్రమైతే అడవి అడవంతా అక్కడే.

ఆ తాలింఖానా చూసుకునేది ఒక ఏదుపంది. పేరు సూదన్న. ఒంటినిండా ముళ్ళు కదా, పాపం, అతనితో కుస్తీకి దిగేవాళ్ళు లేరు. పక్కన కూర్చునేవాళ్ళు కూడా కాస్త ఎడంగానే కూర్చునేవాళ్ళు. అందుకే పెద్దలు తడిక కాపలా అతనికి అప్పగించారు. సూదన్నకి అదే పదివేలు. నలుగురూ ఆడుకుంటుంటే చూస్తూ కూర్చోవడమే అతనికి పండగ.

ఆ తాలింఖానాకి కట్టుబాట్లు ఉండేవి. అమావాస్య వస్తే తడిక మూసి, తాడు కిందికి దించి, సూదన్న పరీక్ష చెయ్యాలి. అడ్డతీగ పైకి నిగనిగలాడుతూనే లోపల కుళ్ళిపోతుంది. సూదన్న తన ముల్లుతో గుచ్చి చూసి ఆ సంగతి చెప్పేసేవాడు. ఇంకొకటి, ఆడేవాళ్ళంతా ఏటేటా ఇంత గింజో కాయో తెచ్చి ఆపద గాదెలో పొయ్యాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే, లేచి తిరిగేదాకా వాళ్ళకీ వాళ్ళవాళ్ళకీ ఆ గాదెలోంచే తిండి. మన పెద్దవాళ్ళు బీమా అంటారే, అదన్నమాట.

ఆ ఏడు ఇప్పపూలు సరిగ్గా రాలలేదు. పళ్ళూ అంతంతమాత్రమే. పాత గింజలు అయిపోయాయి, కొత్తవి ఎవరూ పొయ్యలేదు. అమావాస్య వచ్చింది. సూదన్న తడిక మూసేశాడు.

"గాదె నిండాలి. తాడు దించడానికి ఎవరైనా సాయం పట్టాలి. అప్పటిదాకా తియ్యను," అన్నాడు.

ముందు ఎలుగుబంటి బొంతయ్య వచ్చాడు.

"ఒరే సూదన్నా, తడిక తియ్యరా! మా కడుపులకే లేకపోతే గాదెకి ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"ఎవరికైనా దెబ్బ తగిలితేనో, మామా?"

"ఛీ, అవేం మాటల్రా! పైన తథాస్తు దేవతలుంటారు. నలుగురితో నారాయణా అనాలి గానీ, నీ ఒక్కడి పంతమేమిటి?"

సూదన్న తియ్యలేదు. బొంతయ్య విసురుగా వెళ్ళిపోయాడు.

తర్వాత అడవిపంది కోరయ్య వచ్చాడు. "ఏం, మేం చేతకానివాళ్ళమా పడిపోవడానికి?" అని రంకెలేశాడు. సూదన్న అప్పుడూ తియ్యలేదు. "అయితే నీ తాలింఖానా నువ్వే ఏలుకో! నీ మొహం ఎవడు చూస్తాడు?" అనేసి కోరయ్య కూడా పోయాడు.

అన్నంత పనీ చేశారు. ఆ దారిన రావడమే మానేశారు. గోదాలో గడ్డి మొలిచింది. సూదన్న ఒక్కడే తడిక దగ్గర కూర్చునేవాడు. ఎండుటాకు కదిలితే చాలు, లేచి చూసేవాడు. గాలి! మళ్ళీ కూర్చునేవాడు. ఒకరోజు పక్కన ఎవరూ లేకుండానే, "రా మామా, కూర్చో," అనేశాడు. అని, తన గొంతు తనకే వింతగా వినిపించి సిగ్గుపడ్డాడు. ఒంటరితనమంటే మీకు తెలియదులెండి. తెలియకూడదు కూడా.

చివరికి కొండముచ్చు చెంగమ్మ వచ్చింది. ముళ్ళని కూడా చూడకుండా అతని పక్కనే కూర్చునేది అడవి మొత్తానికి ఆ పిల్ల ఒక్కతే.

"అయ్యో అన్నయ్యా, ఇలా చిక్కిపోయావేమిటి?"

ఆ ఒక్క మాటకే సూదన్నకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఇవాళ్టికి తడిక తియ్యవూ? అందర్నీ నేను పిలుచుకొస్తా. ఒక్కరోజుకి కొంపలేం మునిగిపోవు!"

"తాడు చూడాలి తల్లీ. కొమ్మెక్కి ముడి విప్పుతావా?"

"రేపు విప్పుతాలే. ఇవాళ ఆడుకుందాం!"

తాడు చూడలేదని సూదన్నకి తెలుసు. గాదె ఖాళీ అనీ తెలుసు. అయినా లేచి తడిక తీశాడు.

ఇంక చూడండి! బొంతయ్య పరుగున వచ్చాడు. "మా సూదన్న బంగారంరా!" అన్నాడు. కోరయ్య గోదాలోకి దూకాడు. అందరూ పేరుపెట్టి పిలుస్తుంటే సూదన్న అటూ ఇటూ తిరుగుతూ మురిసిపోయాడు. చెంగమ్మ తాడందుకుని ఊగింది. పైకి, ఇంకా పైకి.

"అన్నయ్యా, ఇటు చూడూ!"

సూదన్న చూస్తూనే ఉన్నాడు. తాడు ఫట్టున తెగింది. చెంగమ్మ వచ్చి గుండురాళ్ళ మీద పడింది. చెయ్యి ఒంటికింద పడి విరిగింది.

సూదన్న బొంతయ్య దగ్గరికి పరుగెత్తాడు. "మామా, పిల్లకింత తిండి పెట్టు. గాదెలో ఏమీ లేదు."

"తడిక తీసింది నువ్వు కదరా? నన్నడుగుతావేం?"

కోరయ్య దగ్గరికి వెళ్ళాడు. "ఊగింది నేనా?" అన్నాడు కోరయ్య. ఎవరి గుహలో వాళ్ళు దూరారు.

ఇంతలో ఎండలు ముదిరాయి. చెట్ల మీద ఆకు లేదు. కొండముచ్చుల మంద లోయ దాటి పచ్చటి చోటికి పోవాలి. లోయ దాటాలంటే కొమ్మ నుంచి కొమ్మకి గెంతాలి. విరిగిన చేత్తో చెంగమ్మ గెంతలేదు. గాదె నిండుగా ఉంటే ఆ చెయ్యి కుదిరేదాకా మంద ఆగేదే. ఖాళీ కడుపులతో ఎన్నాళ్ళాగుతారు? పసిపిల్లలు ఆకలికి ఏడుస్తుంటే తట్టుకోలేక బయల్దేరారు. చెంగమ్మ తల్లి వెనక్కి చూసుకుంటూ, చూసుకుంటూ పోయింది.

ఆ తర్వాత సూదన్న దుంపలు తవ్వి తెచ్చి పెట్టేవాడు. చెంగమ్మ తినీ తినక లోయ వైపు చూసేది. చెయ్యి వంకరగా అతుక్కుంది. తన ఒంటరితనం పోతుందని తడిక తీశాడు కదా, ఇప్పుడా అడవిలో ఒంటరివాళ్ళు ఇద్దరయ్యారు.

ఒకరోజు సూదన్న ఉండబట్టలేక అనేశాడు. "తప్పు నాదేనమ్మా. తాడు సంగతి తెలిసి కూడా, మీరంతా వస్తారనే ఆశతో తీశాను."

చెంగమ్మ వంకర చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు కాదన్నన్నాళ్ళూ నీ మీద కోపంగా ఉండేది అన్నయ్యా," అంది. "కానీ రోజూ రెండు చేతులతో మా అమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని."

సూదన్న లేచి వెళ్ళి తడిక మూశాడు.

వానలు పడ్డాక బొంతయ్య మళ్ళీ వచ్చాడు. ఏమీ జరగనట్టే, "చల్లబడిందిరా, తియ్యి. ఒక్క పట్టు పట్టి పోతా," అన్నాడు.

"గాదెలో నీ పాలు పొయ్యి మామా. కొత్త తాడుకి సాయం పట్టు. అప్పుడు తీస్తా."

బొంతయ్య గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు. ఆగమని పిలవాలని సూదన్నకి మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

నీతి: నలుగురి క్షేమం తన చేతిలో ఉన్నవాడు, ఆ నలుగురి మెప్పు కోసం తలుపు తియ్యకూడదు.