పేర్లున్న కుర్చీలు

సోమలింగం మాస్టారు ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. కళ్ళజోడు తీసి కండువాతో తుడుస్తారు, "చూద్దాం" అంటారు, మళ్ళీ పెట్టుకుంటారు. అడిగినవాడు ఆ సంగతి మరిచిపోయాక ఏ సంతలోనో, ఏ బస్సులోనో భుజం తట్టి, "అదిగో, నువ్వడిగింది" అని చూపిస్తారు. ఆయన శిష్యులకు ఓపిక ఎక్కువని పేరు. ఓపిక లేనివాళ్ళు ముందే వేరే మాస్టారిని చూసుకున్నారు.

వరహాలరావు ఆయన దగ్గరే చదువుకుని, ఆయన పనిచేస్తున్న సముద్రపు ఒడ్డు బడికే కొత్త ఉపాధ్యాయుడిగా వచ్చాడు. జాలరుల ఊరది. బడికి రెండు గదులు. గచ్చు ఎప్పుడో లేచిపోయింది. వాన పడితే నేలంతా చెమ్మ ఊరేది. పిల్లలు గొంతుక్కూర్చుని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసేవారు. దగ్గులు, జ్వరాలు మొదలయ్యేసరికి తల్లులు వాళ్ళను ఇంట్లోనే ఉంచేసేవారు. వానాకాలం వచ్చిందంటే సగం బడి ఖాళీ. అందుకని మాస్టారు తీరిక దొరికినప్పుడల్లా బస్సెక్కి పట్నం వెళ్ళి బల్లలనీ, పలకలనీ దాతలను అడుగుతూ ఉండేవారు. ఒకసారి ఆయన వెంట వెళ్ళిన వరహాలరావు, ఒక షావుకారు గుమ్మంలో పూటంతా నిలబడి, తిరిగొచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, మనం బడి నడుపుతున్నామా, జోలె పట్టామా? అడిగిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టుంటోంది. తల వంచకుండా అడిగే దారి లేదా?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూద్దాం" అన్నారు.

కొన్నాళ్ళకు విశాఖలో ఐసు ఫ్యాక్టరీ నడిపే చక్రధరం గారి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఈ ఏడు ఆయన ఒక్క బడికి మాత్రమే బల్లలు చేయిస్తారట. ఏ బడికి నిజంగా అవసరమో స్వయంగా వచ్చి చూస్తారట. వరహాలరావు సంతోషం పట్టలేక టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పాడు. "మన పిల్లలు నేల మీద కూర్చోవడం ఆయన కళ్ళారా చూస్తే చాలు, పని అయిపోయినట్టే" అన్నాడు. అక్కడున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వరహాలరావు అది గమనించలేదు.

చక్రధరం గారు వచ్చే రోజు పొద్దున్న వరహాలరావు బడి తలుపు తోసి చూశాడు. గదినిండా కుర్చీలు. ప్లాస్టిక్‌వి, ఇనపవి, నవారు అల్లినవి, ఒక చెయ్యి విరిగినవి. పాత పడవ చెక్కలతో కొట్టిన బల్లలు. మాస్టారి బల్ల ఉండాల్సిన చోట ఊళ్ళో కొత్తకోడలు సత్యవతి అద్దాల బల్ల, దాని అద్దానికి అడ్డంగా దేవుడి క్యాలెండరు. వీటన్నిటి నడుమ పెద్ద టేకు కుర్చీ ఒకటి, కొబ్బరినూనె రాసినట్టుంది, మెరుస్తోంది. తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని పిల్లలు ఆ కుర్చీల మీద బిగుసుకుపోయి కూర్చున్నారు.

ఊరి పెద్ద సూరాడ ఎర్రన్న చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇదేంటి ఎర్రన్నా?" అన్నాడు వరహాలరావు, ఏడుపొక్కటే తక్కువగా.

"పై ఊరోడొత్తన్నాడు కదేటి బాబూ! మన పిల్లల్ని నేల మీద కూకోబెట్టి సూపిత్తామేటి? ఊరికి పరువుండొద్దా? సాయంత్రం ఎవలివి ఆళ్ళే అట్టుకుపోతారు."

వరహాలరావు మాస్టారి వంక చూశాడు. మాస్టారి ముఖంలో కూడా కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఆ బల్లల కోసం ఆయన ఎన్ని బస్సులెక్కారో వరహాలరావుకు తెలుసు. అన్నీ బయట పెట్టించే వ్యవధి కూడా లేదు, కారు అప్పటికే ఇసుకలో మలుపు తిరిగింది.

చక్రధరం గారు మొహమాటం లేని మనిషి. గదిలోకి వచ్చారు, చుట్టూ చూశారు, కనుబొమలు ముడిచారు. అంతలో ఒక కుర్చీ వీపు మీద రంగుతో రాసిన అక్షరాలు ఆయన కంటబడ్డాయి. "వాసుపల్లి లచ్చమ్మ" అని పైకే చదివారు. పక్క కుర్చీ చూశారు, "గరికిన నూకయ్య." ఆ పక్కది చూశారు. పెళ్ళికైనా చావుకైనా ఇంటింటి నుంచీ కుర్చీలు పోగేసుకునే ఊరది. ఒకరివి ఒకరివాటిలో కలిసిపోకుండా ఎవరి కుర్చీ మీద వాళ్ళు పేరు రాయించుకుంటారు. ఆ సంగతి ఆయనకేం తెలుసు? దాతల పేర్లనుకున్నారు.

చివరికి టేకు కుర్చీ దగ్గర ఆగి "మైలపల్లి దానయ్య" అని చదివి, మాస్టారి వైపు తిరిగారు.

"చాలా బళ్ళు చూశానండీ. గోడల మీద అన్నీ మాలాంటి బయటివాళ్ళ పేర్లే. ఊళ్ళో ఇల్లిల్లూ కదిలి ఇవ్వడం, కుర్చీ కుర్చీకీ ఒక పేరుండడం ఇక్కడే చూశాను. ఈ ఊరికి దణ్ణం పెట్టాలి."

ఊరంతా కిటికీల్లోంచి చూస్తోంది. అబద్ధం మీద బడి నడిపే మనిషి కాదు సోమలింగం మాస్టారు. ఒక అడుగు ముందుకు వేసి, "అయ్యా, ఒక్కమాట. ఈ కుర్చీలు..." అని మొదలుపెట్టారు.

"ఇచ్చినామండి" అంది ఒక ముసలి గొంతు.

మాట్లాడింది మైలపల్లి పోలమ్మ, దానయ్య భార్య. సముద్రం మీద వేటకెళ్ళిన దానయ్య తిరిగి రాలేదు. ఆ కుర్చీ తప్ప ఆమె ఇంట్లో కూర్చునేందుకు మరొకటి లేదు. పొద్దున్న తెచ్చినప్పుడు గీత పడకుండా చూడమని పిల్లలకు మరీ మరీ చెప్పి వెళ్ళిన మనిషి, ఇప్పుడు తల పైకెత్తి నిలబడి ఉంది. ఎర్రన్న ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "అవునండి, మేఁవూ ఇచ్చినాం" అన్నాడు. లచ్చమ్మ తలూపింది. నూకయ్య తలూపాడు. కిటికీలన్నీ తలలూపాయి.

"మరైతే నేను చేసేదేముంది? బల్లలు ఇంకో బడికి ఇస్తాను" అంటూ చక్రధరం గారు గుమ్మం వైపు నడిచారు.

"ఎందుకు నేదు బాబూ?" పోలమ్మ ఆయనకు అడ్డంగా వచ్చింది. బతిమాలుతున్నట్టు లేదు, సాటి మనిషికి పని పంచుతున్నట్టుంది. "కుర్చీలు మేం ఎట్టినాం. నేల మా వల్ల కాదు. ఒంగి సెయ్యెట్టి సూడండి. ఈ సెమ్మకి మా పిల్లలు మంచాన పడతన్నారు. గచ్చు మీరు ఏయించండి."

చక్రధరం గారు ఒంగి నేల మీద అరచెయ్యి ఆనించారు. తడి అంటింది. లేచి, ఆ చెయ్యి తుడుచుకోకుండానే, "ఎప్పుడు మొదలుపెట్టమంటారమ్మా?" అని ఆమెనే అడిగారు. తర్వాత నవ్వుతూ, "మరి నా పేరెక్కడ రాస్తారు?" అన్నారు.

ఎర్రన్న నిజంగానే ఇబ్బందిలో పడ్డాడు. "గచ్చు మీద రాత్తే పిల్లలు తొక్కుతారు గదండీ!"

"తొక్కనివ్వండి. వానాకాలం కూడా తొక్కాలి, అంతే" అన్నారాయన.

ఆ సాయంత్రం కుర్చీల కోసం ఎవరూ రాలేదు. సత్యవతి మాత్రం వచ్చి, సిగ్గుపడుతూ అద్దం ఒక్కటీ విప్పుకుని, బల్ల అక్కడే వదిలి వెళ్ళింది. వరహాలరావు ఇంటికి వెళ్తూ పోలమ్మ గుమ్మం మీదుగా పోయాడు. ఆమె అరుగు మీద చాప పరుచుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు, "మా ఆయన కుర్చీలో ఇయ్యాల రెండో తరగతోళ్ళు ఇద్దరు కూకున్నారు" అని గొప్పగా చెబుతోంది. ఆ మాట విని వరహాలరావుకు కళ్ళు చెమర్చాయి. ఈ ఊరి బడిలో తను పంతులైనందుకు ఛాతీ ఉప్పొంగింది. వెనక్కి తిరిగి, తాళం వేస్తున్న మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, రెండో గది ఇంకా ఖాళీగానే ఉంది. రేపు పట్నం నేనే వెళ్ళి అడుగుతాను."

మాస్టారు కళ్ళజోడు తియ్యలేదు. తాళంచెవి అతని చేతిలో పెట్టారు.

"వెళ్ళు. ముందు మీ ఇంట్లో కుర్చీ ఒకటి తెచ్చి అందులో వేసి వెళ్ళు."