ఉప్పు అసిరమ్మ దించుకున్న చోటు

కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో అసిరమ్మని ఒకామె ఉండేదట. వీధి చివరిదాకా వెళ్ళొచ్చి మంచినీళ్ళడిగే నేను ఆమె కథ చెప్పడం సిగ్గుమాలిన పనే. అయినా వినండి.

అసిరమ్మ సముద్రపు ఉప్పు తట్టలో ఎత్తుకుని కొండమీది గూడేనికి తీసుకెళ్ళేది. "ఉప్పో... ఉప్పు!"

పడుచుతనంలో ఒక్క పరుగున ఎక్కేది. దారిలో అలిసినవాళ్ళని చూసి, "కూకుంటే కాళ్ళకి చెదలట్టేస్తాది!" అని నవ్వేది.

నడివయసులో ఆయాసం వచ్చింది. తట్ట కింద పెడితే మళ్ళీ నెత్తికెత్తేవాళ్ళు లేరు. అందుకని బరువుతోనే కొండకి ఆనుకుని నిలబడేది. ఎవరైనా వస్తే, "మబ్బు చూస్తన్నా" అనేది. మబ్బు లేని రోజు కూడా!

ముసలితనంలో ఒకరోజు కాళ్ళు వణికి తట్ట దించేసింది. ఎత్తేవాళ్ళు లేక పొద్దు వాలేదాకా అక్కడే ఉండిపోయింది. చివరికి గూడెం పెద్ద బోడయ్య వచ్చి ఎత్తాడు.

"ఇంక రాకమ్మా. ఇంటికాడ కూకో."

"మరి మీకు ఉప్పు?"

"సప్పగా తింటాం."

అసిరమ్మ ఇంట్లో కూర్చుంది. మొదటిరోజు పాదాలు నొప్పెట్టాయి. రెండోరోజు మోకాళ్ళు. మూడోరోజు గోడ పట్టుకుంటే గాని లేవలేకపోయింది. భయం వేసింది. ఇంకో నాలుగు రోజులు కూర్చుంటే ఇక లేచేది లేదు.

నాలుగోరోజు సగం తట్టతో బయల్దేరింది. దారిలో దొరికిన రాయి ఒకటి, తను ఆగిపోయిన చోట పెట్టింది. వెళ్ళినప్పుడల్లా ఒక రాయి.

"ఉప్పమ్ముతున్నావా, కోట కడుతున్నావా?" అని పడుచువాళ్ళు వెక్కిరించారు.

"ఉండండర్రా, మీకే కడుతున్నా."

రాళ్ళు రొమ్ము ఎత్తున లేచాయి. ఇప్పుడు తట్టని నెత్తిమీంచి వాటిమీదికి జరపొచ్చు. ఊపిరి పీల్చుకుని, ఎవరి సాయం లేకుండా మళ్ళీ నెత్తికెత్తుకోవచ్చు. అలాంటి రాతి దిమ్మలు దారిలో మూడు కట్టింది. సగం తట్ట పావైంది. ఆఖరికి కొంగున మూటకట్టిన గుప్పెడు ఉప్పే మిగిలింది. అదీ ఎక్కించింది. "ఉప్పో... ఉప్పు!" బోడయ్య ఆ గుప్పెడూ రెండు చేతులా అందుకున్నాడు.

అసిరమ్మ పోయింది. ఆ మూడు చోట్లా ఇప్పటికీ బరువులు దించుకుంటారు. వట్టి చేతులతో వచ్చేవాళ్ళు కూడా కాసేపు ఆగుతారు, సిగ్గుపడరు.

ఆ గూడెంలో మాత్రం ముసలివాళ్ళని ఇంట్లో కూర్చోమనరు. బరువులతో కొండ దిగేవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి, "తాతా, ఈ రోజు ఎంత మోస్తావు?" అని అడుగుతారు. తాత ఎంతంటే అంతే చేతికిస్తారు.