విస్తరి మీద చెయ్యి

పేర్రాజు మాస్టారిని ఏదైనా అడగాలంటే ముందు ఆయనింట్లో భోజనం చెయ్యాలి. వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కడుపు నిండితే సగం ప్రశ్నలు వాటంతటవే లేచిపోతాయని ఆయన నమ్మకం. ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే పాఠం చెబుతున్న హైమవతి ఆ ఆదివారం తెచ్చిన ప్రశ్న మాత్రం అలా లేచిపోయే రకం కాదు.

నిరుడు వానాకాలంలో ఆమె భర్త మురారి మోటార్ సైకిల్ మీద వెళ్లి తిరిగి రాలేదు. లారీ గుద్దింది. అప్పటినుంచీ సాయంత్రం వీధిలో ఏ బండి చప్పుడైనా చాలు, హైమవతి చేతిలో పని పారేసి గేటు దాకా వెళ్లేది. రాడని తెలియక కాదు, తెలిసే వెళ్లేది. ఆ నాలుగడుగులు నడిచినంతసేపూ అతను ఇంకా దారిలోనే ఉన్నట్టుండేది. అలాంటిది మొన్న ఒక బండి వచ్చింది, వెళ్లిపోయింది. ఆమె కూర్చున్నచోటే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. లేవలేదని తెలిసేసరికి, అతన్ని మరిచిపోతున్నానా అని భయమేసింది.

ఎందుకు లేవలేదో తెలియకపోయినా బాగుండేది పాపం. అది ఆమె చెప్పే పాఠమే. గంజాయి మత్తు ఎలా ఎక్కుతుందా అని వెతుకుతూ పోయినవాళ్లకు, అలాంటి పదార్థాలు మన ఒంట్లోనే తయారవుతాయని తెలిసింది. ఒక నాడీకణం అదేపనిగా కబురు పంపుతుంటే, అందుకునే కణం అప్పటికప్పుడు ఆ పదార్థాన్ని తయారుచేసి వెనక్కి పంపుతుంది, ఇక చాలు అని. పని కాగానే అది కరిగిపోతుంది. నొప్పి తగ్గడంలో, ఆకలి పుట్టడంలో, పాత బెదురు పోవడంలో దానికి చెయ్యి ఉంది. దాన్ని అడ్డుకుంటే ఎలుకలకు బెదురు ఒక పట్టాన వదలదు. తన దిగులుకూ అదే ఇక చాలు అంటోందని ఆమెకు తోచింది.

"అడ్డుకునే మందులు ఉన్నాయి కదా మాస్టారూ," అంది హైమవతి. "వేసుకుంటే నా దిగులు నాకు మిగులుతుందా?"

విస్తళ్లు వేశారు లేమ్మా అన్నారు మాస్టారు.

ఆ రోజు ఆయన భార్య సూరమ్మగారు ఆవ పెట్టి పనసపొట్టు కూర చేశారు. మురారి ఆ ఇంటికి వస్తే ఈ కూర మారు అడిగి మరీ వేయించుకునేవాడు. వాసన తగలగానే హైమవతికి అతను పక్క పీట మీద కూర్చున్నట్టే అనిపించి కళ్లు నిండాయి. మాస్టారు తనే గిన్నె పట్టుకుని వడ్డించడం మొదలుపెట్టారు. ఆమె విస్తరి వంక చూడలేదు, ఆయన ఆపలేదు. కూర అన్నాన్ని కప్పేసి, విస్తరి అంచు దాకా వచ్చింది. ఇదేం వడ్డనండీ, పిల్ల తినాలా మానాలా అని వంటింటి గుమ్మంలోంచి సూరమ్మగారు కోప్పడ్డారు. గరిటె మళ్లీ వంగేసరికి హైమవతి చెయ్యి తనంతట తనే వెళ్లి విస్తరికి అడ్డం పడింది.

మాస్టారు ఆగిపోయారు.

"ఏమ్మా, కూర బాగాలేదా?"

"అయ్యో, బాగుంది మాస్టారూ. చాలని..."

అంటూండగానే వీధిలో బండి చప్పుడైంది. హైమవతి తల అటు తిరిగింది. చెయ్యి మాత్రం విస్తరి మీదే ఉండిపోయింది. చప్పుడు దూరమయ్యేదాకా వింది. అప్పుడు ఏడ్చింది, దాచుకోకుండా, పెద్దవాళ్ల ముందని కూడా చూసుకోకుండా. మాస్టారు గిన్నె పక్కన పెట్టి, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నారు.

"తినమ్మా," అన్నారు ఆమె తేరుకున్నాక. "చాలన్నంత మాత్రాన ఏదీ పోలేదు. వడ్డించిందంతా విస్తట్లోనే ఉంది."