మస్తాన్ మేస్త్రి బిగించిన తలుపు

బెజవాడ ఆటోనగర్‌లో మస్తాన్ మేస్త్రిని ప్రశ్న అడగడం దండగని కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఆయన జవాబు చెప్పడు. అడిగినవాడి చేతిలో ఒక పానా పెట్టి, బండి వైపు చూపించి, తన మానాన తను టీ తాగుతాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గర పని చేస్తున్న ఏడుకొండలుకి ఇదంతా తెలుసు. తెలిసీ అడిగాడు. అడక్కపోతే గుండె ఆగేటట్టుంది మరి.

"మేస్త్రీ, మా నాంచారమ్మ రేపు పొద్దున్నే రేపల్లె వెళ్ళిపోతుందంట, వాళ్ళక్క దగ్గరికి. మళ్ళీ రానంటోంది. నేను తిట్టలేదు, కొట్టలేదు. ఆవిడ ఏడవకూడదనే కదా అన్నీ చేశాను! ఇందులో నా తప్పేంటో మీరే చెప్పండి."

వాళ్ళకి ఒక్కతే కూతురు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. పోయిన వానాకాలం డెంగ్యూ జ్వరమొచ్చి అయిదు రోజుల్లో చేతుల్లోంచి జారిపోయింది. పదకొండో రోజు కాగానే ఏడుకొండలు ఆ పిల్ల బట్టలు, పుస్తకాలు, చెప్పులు, ఆఖరికి అద్దానికి అంటించుకున్న బొట్టుబిళ్ళలతో సహా మూటగట్టి కృష్ణలో వదిలేశాడు. కళ్ళ ముందు కనిపిస్తుంటే తల్లి ప్రాణం తట్టుకోదని పెద్దవాళ్ళన్నారు, నిజమేననుకున్నాడు పాపం. ఇంట్లో పిల్ల పేరెత్తొద్దని చుట్టాలకీ చెప్పాడు. నాంచారమ్మ నోరు తెరిస్తే చాలు, "ఇప్పుడవన్నీ ఎందుకే" అని మాట మార్చేసేవాడు. ఆవిడ మొదట మాట తగ్గించింది, తర్వాత పూర్తిగా మానేసింది. పది నెలలుగా ఆ మొగుడూ పెళ్ళాలు ఒకే ఇంట్లో అద్దెకున్న వేరు వేరు మనుషుల్లా తిరుగుతున్నారు.

మేస్త్రి అంతా విన్నాడు. గడ్డం గోక్కున్నాడు. "ఎర్ర బండి తలుపులు అయ్యాయా?" అన్నాడు.

చూశారా వరస! ఇల్లు కూలిపోతోంది బాబూ అంటే బండి తలుపు గురించి అడుగుతాడు. ఏడుకొండలుకి ఒళ్ళు మండింది. అయినా లేచి చూపించాడు, మేస్త్రి మాట కాదని ఎరగడు కాబట్టి.

ఆ ఎర్ర బండి గుంటూరు డాక్టరుగారొకరిది. అరవై ఏళ్ళ నాటి విదేశీ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. తుప్పు పట్టిన బాడీని ఛాసిస్ మీంచి, అంటే అడుగున ఉండే ఇనప చట్రం మీంచి లేపి, రెండూ బాగు చేసి, మళ్ళీ బాడీని తెచ్చి ఛాసిస్ మీద కూర్చోబెట్టారు. బోల్టు ఉన్న ప్రతిచోటా కింద పల్చటి ప్యాకింగ్ రేకులు పెట్టి ఎత్తు సరిచేసుకోవాలి. ఒక్క రేకు ఎక్కువైనా తక్కువైనా తలుపు దగ్గర బయటపడిపోతుంది. ఏడుకొండలు మూడు రోజులు దాని మీదే కూర్చున్నాడు. తలుపు చుట్టూ ఎక్కడ చూసినా చెక్క స్కేలు పట్టేంత సందు, కొలిచినట్టు ఒకేలా వచ్చింది. వేలితో తోస్తే టక్కున పడుతోంది.

మేస్త్రి వేసి చూశాడు, తీసి చూశాడు. "బాగుంది. ఇంజను దించు" అన్నాడు.

చైన్ పుల్లీతో ఇంజను దించారు. బ్యాటరీ పెట్టారు, ముందు అద్దం బిగించారు, సీట్లు వేశారు. మేస్త్రి మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "ఇప్పుడు వెయ్యి."

పడలేదు. పై మూల బాడీకి కొట్టుకుని కిర్రుమంది. గట్టిగా తోసినా అంతే.

ఏడుకొండలువి లారీలకి అలవాటుపడ్డ చేతులు. లారీ క్యాబిన్ కప్పున్న ఇనప పెట్టె. ఖాళీగా ఉన్నా, ముగ్గురెక్కినా దాని తలుపు తలుపే. కప్పు లేని బండి అలా కాదు. బరువు పడగానే నడుం దగ్గర వెంట్రుకవాసి కుంగుతుంది, కుంగితే తలుపు పైన సందు మూసుకుపోతుంది. ఆ సంగతి మేస్త్రికి మూడు రోజుల ముందే తెలుసు. చెప్పలేదు.

ఏడుకొండలు ఆకురాయి అందుకున్నాడు. "ఈ అంచు కాస్త రాసేస్తే సరి."

"ఆగరా. తలుపేం చేసింది నిన్ను?"

"పోనీ ఇంజను లేపేస్తాను. మళ్ళీ అంతా ఖాళీ చేసి మొదట్నించీ కొలుస్తాను."

"ఖాళీ బండికి తలుపు ఎవడేసినా పడుతుంది" అన్నాడు మేస్త్రి. "ఇదుగో, ఈ పక్క సీట్లో కూడా మనిషి బరువు పెట్టు."

షెడ్డు మూల ఇసుక మూటలున్నాయి. ఏడుకొండలు ఒకటి రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. నలభై కేజీల పైమాటే. నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. ఆస్పత్రిలో లిఫ్టు దగ్గర జనం కిక్కిరిసి ఉంటే, పిల్లని ఇలాగే ఎత్తుకుని రెండంతస్తులు ఎక్కాడు. "బరువుగా ఉన్నానా నాన్నా?" అనడిగింది అది, భుజం మీద తల పెట్టి. లేదమ్మా అన్నాడు. ఆ మాట నాంచారమ్మక్కూడా ఇంతవరకూ చెప్పలేదు. మూట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మేస్త్రి తొందరపెట్టలేదు.

మూటని సీట్లో కూర్చోబెట్టాక పని మొదలైంది. ఇంజను లేపలేదు, మేస్త్రి దిగలేదు. నడుం దగ్గరి బోల్టులు వదులు చేసి, జాకీతో కొంచెం ఎత్తి ఒక రేకు పెట్టాడు ఏడుకొండలు. చాల్లేదు. రెండోది పెట్టాడు. మూడోది పెట్టి బిగించాక తలుపు తోస్తే వెళ్ళి తన చోట తను కూర్చుంది. సందు మాత్రం మునపటంత అందంగా లేదు. కింద వైపు ఒక నూలుపోగు ఎక్కువుంది. అతనికది నచ్చలేదు. మేస్త్రి దాని వంక చూడను కూడా చూడలేదు.

"మూట దించేయనా మేస్త్రీ?"

"అది ఉందనే కదరా బిగించాం."

ఏడుకొండలు చేతిలో పానా కింద పెట్టేశాడు. బండి పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. నలభై ఆరేళ్ళ మనిషి, పదిమంది చూస్తున్నారని కూడా లేకుండా చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అంతా ఏట్లో కలిపేశాను మేస్త్రీ. ఒక్క రిబ్బను ముక్కైనా ఉంచలేదు. నాంచారమ్మ ఎంతలా బతిమాలిందో తెలుసా, ఒక్క ఓణీ అయినా ఉంచవయ్యా అని! నేనే వినలేదు. ఇప్పుడు అడిగితే ఎక్కణ్ణించి తెచ్చివ్వను?"

మేస్త్రి మెల్లగా బండి దిగాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"పిల్ల పేరేంటిరా?"

ఆయనకి తెలియక కాదు. ఆ పిల్ల బారసాలకి వెళ్ళి ఉయ్యాల ఊపిన మనిషి. ఏడుకొండలు తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. పది నెలలుగా నాలుక మీదికి రానివ్వని మాట అది. ఇప్పుడు బయటికొచ్చింది.

"పల్లవి."

"నాకెందుకురా చెప్పడం?" అన్నాడు మస్తాన్ మేస్త్రి. "ఇంటికి పో. అక్కడ మీ ఆవిడ ముందు అను."