మడుగులో మూడు చుట్లు

"క్షమాపణ చెప్పను" అంది గంగాభవాని. ఆ మాట అనడం అది మూడోసారి.

రాఫ్టింగ్ కంపెనీ యజమాని వాచీ చూసుకున్నాడు. సాయంత్రం జీపులు లేహ్‌కి బయల్దేరేలోపు ఆ పెద్దమనిషికి క్షమాపణ చెప్పాలి, లేకపోతే ఆ జీపుల్లోనే ఆమె పెట్టె కూడా ఎక్కుతుంది అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె నేరుగా గురువు దగ్గరికి వెళ్ళింది.

రిగ్జిన్ రేవు ఒడ్డున కూర్చుని, కింద నుంచి జీపు మీద వెనక్కి తెచ్చిన రబ్బరు రాఫ్టుకు పడిన చిరుగుకు అతుకు వేస్తున్నాడు. జాంస్కర్ నది మీద ఆయనకది ముప్పయ్యో వేసవి. చుట్టూ గడ్డిపోచ లేని కొండలు. ఏడాదికి నాలుగు చినుకులు పడే ఆ ఎడారిలో నదికి మాత్రం లోటు లేదు. కరిగిన మంచు బూడిదరంగు నీళ్ళై, రాళ్ళ మధ్య అరుచుకుంటూ పోతుంది. గైడ్లందరూ ఆయన్ను అబాలే అంటారు. లదాఖీలో నాన్నగారని అర్థం.

భవాని గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు కూతురు. నీళ్ళ సంగతి తనకొకరు చెప్పాలా అనుకుంటూనే వచ్చింది. మొదటి వేసవంతా ఆయన ఆమెకు ఒకే ఒక్క పని నేర్పించాడు. బయల్దేరే ముందు, ఇక్కడ రేవులో ఉన్న నిలకడ మడుగులో, జనాన్ని ఎక్కించుకుని రాఫ్టును మూడు చుట్లు తిప్పాలి. ఏ కేకకు ఏం చెయ్యాలో ఆ మూడు చుట్లలోనే వాళ్ళకు అలవాటు చెయ్యాలి. ఎవరొచ్చినా సరే, మూడు చుట్లు.

ఇది ఆమెకు మూడో వేసవి. ఆమెను హెడ్ గైడ్‌ను చేసే ఫారం ఆయన చొక్కా జేబులో ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది.

జరిగింది చెప్పింది. నిలబడే చెప్పింది, కూర్చోలేకపోయింది.

పొద్దున ఆమె రాఫ్టులో హైదరాబాదు వాళ్ళు ఆరుగురు. వాళ్ళలో విఠల్ అనే ఆయన, ఆయన కూతురు. ఆయన తెలుగువాడు కావడమే ఆమె ఖర్మ. ఎక్కీ ఎక్కగానే, "ఏమ్మా, డ్రైవరు ఇంకా రాలేదా?" అన్నాడు. నేనే నడుపుతానంది. "అయితే మా ఆవిడకు ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో ఫోన్ చేసి చెప్పాలి" అన్నాడు. అందరూ నవ్వారు. కూతురు నవ్వలేదు, "ఊరుకోండి నాన్నా" అంది.

రెండో మలుపులో రాఫ్టు అడ్డం తిరిగి బండకు కొట్టుకుంది. భవాని "హై సైడ్" అని గొంతు చించుకుంది. ఆయన దానికి సరిగ్గా ఎదురు పని చేశాడు. రాఫ్టు బోల్తా పడింది. ఐదుగురు వెంటనే తేలారు. ఆ అమ్మాయి తేలలేదు. అరనిమిషం పైగా రాఫ్టు కింద ఉంది. భవాని లోపలికి మునిగి, లైఫ్ జాకెట్ పట్టుకుని లాక్కొచ్చింది. ఒడ్డున ఆ పిల్ల నీళ్ళు కక్కి, ఊపిరి తీసుకున్నాక, భవాని వెళ్ళి విఠల్ చెంప పగలగొట్టింది. అందరి ముందూ, ఆ కూతురి ముందూ.

"మళ్ళీ అయితే మళ్ళీ కొడతాను" అంది. "నేను ఆడదాన్నని నా మాట లెక్కచెయ్యలేదు. పిల్లను చంపేసేవాడు. మీరైనా యజమానికి చెప్పండి అబాలే."

రిగ్జిన్ అతుకు మీద అరచేత్తో నొక్కి చూశాడు. లేచి రెండు తెడ్లు తీసుకున్నాడు. ఒకటి ఆమె చేతికిచ్చి, తను రాఫ్టులో ముందు, ఎడమవైపు ఎక్కి కూర్చున్నాడు. పొద్దున విఠల్ కూర్చున్న చోటు.

ఇప్పుడెందుకని ఆమె అడగలేదు. ఒళ్ళు మండుతోంది, ఏదో ఒకటి చెయ్యాలి. వెనక ఎక్కి రాఫ్టును ఒక్క తోపు తోసింది.

"ఫార్వర్డ్" అంది.

ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కొండలు చూస్తున్నాడు.

మళ్ళీ అరిచింది. ఆయన వెనక్కి తిరిగి, మర్యాదగా, అదేమిటని అడిగాడు.

"అబాలే, ఆటలాడకండి."

"నేను హైదరాబాదులో ఫ్లాట్లు అమ్ముకుంటాను" అన్నాడు రిగ్జిన్. "నదిని ఇవాళే చూశాను."

అప్పటికే ప్రవాహం రాఫ్టును మడుగులోంచి బయటికి లాగేసింది. ఆమె ఒక్కత్తే వెనక్కి తెడ్డు వేసింది. రాఫ్టు మాట వినలేదు. మొదటి మలుపు దగ్గర హోరు మొదలైంది. ఆయన ఒళ్ళోంచి తెడ్డు కదలలేదు. ఆయన మొండితనం ఆమెకు తెలుసు. మునిగినా సరే, అలాగే కూర్చుంటాడు.

ఆమె పళ్ళు కొరుక్కుంటూ మొదలుపెట్టింది. ఫార్వర్డ్ అంటే ముందుకు వంగి నీటిని వెనక్కి తొయ్యాలి. ఆయన తోశాడు. స్టాప్ అంటే తెడ్డు పైకెత్తాలి. ఎత్తాడు. తిట్టినట్టే చెప్పింది, ఆయన చెప్పినట్టే చేశాడు. మొదటి మలుపు దాటారు.

ఎదురుగా పొద్దుటి బండ కనబడింది.

"ఇంకా ఏమన్నా ఉందా?" అన్నాడు.

"హై సైడ్. పక్కకు బండ తగిలితే బండ వైపే దూకాలి. అందరూ, ఒక్కసారే."

"బండ వైపా? భయమెయ్యదూ?"

"వేస్తుంది. అయినా దూకాలి. ఇవతలికి దూకితే ఇవతలి అంచు మునుగుతుంది, బోల్తానే."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు రిగ్జిన్. తరవాత అడిగాడు: "పొద్దున ఆయన ఎటు దూకాడు?"

ఆమె జవాబు చెప్పేలోపు బండ వచ్చేసింది. ఎడమవైపు గట్టిగా తగిలింది. "హై సైడ్" అని అరిచింది. అరవై దాటిన మనిషి బల్లిలా ఎగిరి బండవైపు అంచు మీద పడ్డాడు. ఆమె కూడా అటే పడింది. రాఫ్టు ఒక్క క్షణం ఒరిగి నిలబడి, బండను రాసుకుంటూ జారి అవతలికి వెళ్ళిపోయింది.

కింద ఇసుక ఒడ్డుకు చేరారు. పొద్దున ఆ అమ్మాయిని పడుకోబెట్టింది అక్కడే. ఆ పిల్ల నీళ్ళు కక్కిన చోట ఇసుక ఇంకా తడిగా, నల్లగా ఉంది. గట్టు మీది గుడారంలో కంబళ్ళు కప్పుకుని తండ్రీ కూతుళ్ళు జీపు కోసం కూర్చుని ఉన్నారు.

"కూతురి వైపు" అంది భవాని. "పట్టుకుందామని కూతురి వైపు దూకాడు."

రిగ్జిన్ టోపీ పిండుకుంటున్నాడు.

"ఇన్సూరెన్సు అన్నాడని ఒళ్ళు మండి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"పొద్దున నా రాఫ్టు నీ వెనకే ఉంది" అన్నాడు ఆయన. "చూశాను. మడుగులో ఒక్క చుట్టు కూడా తిప్పలేదు నువ్వు. ఆపమని కేకేశాను, అప్పటికే హోరులో ఉన్నావు."

చొక్కా జేబులోంచి ఫారం తీశాడు. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి. దాన్ని విదిలించి, ఒక రాయి మీద పరిచి, గాలికి పోకుండా పైన గులకరాయి పెట్టాడు. సంతకం చెయ్యలేదు. చింపనూ లేదు.

"గట్టిగానే కొట్టావు" అన్నాడు. "కొట్టాల్సిన చెంప అది కాదు."

భవాని లేచింది. కోపం ఏమీ తగ్గలేదు, అది ఇప్పుడు తన మీదే. దాన్ని వెంటబెట్టుకునే గుడారం వైపు నడిచింది.