ఆగిననీడ మాత గుడి

రాళ్లవాగుపల్లె మరియమాత గుడికి వచ్చే యాత్రికులు ముందుగా దక్షిణపు గోడను దర్శించాలి. అక్కడ ఒక నల్లరాయి, దానిలో చిటికెన వేలు పట్టే రంధ్రం, ఆ రంధ్రం నుంచి విసనకర్ర పుల్లల వలె కిందికి విచ్చుకొన్న గీతలు ఉన్నాయి. తుపాకి దెబ్బ అని కొందరు, కత్తులు నూరిన గాట్లని కొందరు అంటారు. అది ఎండ గడియారం. నీడ చూపవలసిన చువ్వ ఏమైనదో పెద్దల నోట విన్నంతవరకే వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ ఆ చువ్వ నీడ నడిమి గీతను తాకగానే మధ్యాహ్నపు గంట కొట్టేవారు. ఒకప్పుడు వరుసగా వానలు తప్పి, వాగు ఎండి, తాగునీరు కరువైంది. భాద్రపదంలో, మాత జన్మదినం నాడు, ఊరంతా వలసకు బండ్లు కట్టింది. గంట మోగగానే కదలాలని ఊరిపెద్ద రాయపరెడ్డి నిర్ణయించాడు. శౌరమ్మ అనే వితంతువుకు అది ప్రాణసంకటమైంది. ఆమె కోడలు జ్ఞానమ్మకు అప్పటికే నొప్పులు మొదలైనాయి. బండి కుదుపులకు తల్లీబిడ్డలు దక్కరు.

"ఒక్క పూట ఆగు అన్నా," అని ఆమె వేడుకొన్నది.

"నన్నడిగితే ఏం లాభమమ్మా? మీ మాతనడుగు, పొద్దును పట్టి ఆపుతుందేమో," అన్నాడు రాయపరెడ్డి.

శౌరమ్మ జపమాలతో గోడకు ఎదురుగా కూర్చున్నది. నీడ జరిగి జరిగి నడిమి గీతకు వెంట్రుకవాసి దూరానికి వచ్చింది. అంతలో మాయమైంది!

"కొట్టవేమప్పా, ఎద్దులు బెదురుతున్నాయి," అని రాయపరెడ్డి కేక వేశాడు.

"గీత తాకనిదే ఎట్లా కొట్టేది?" అన్నాడు గంటతాడు పట్టుకొన్న ఉపదేశి ఇన్నయ్య.

"పొద్దు నెత్తిమీద ఉంటే ఇంకా గీతేంది?"

"ఏదీ, ఆ పొద్దును చూపించు రెడ్డీ."

అందరూ తలలెత్తారు. కారుమబ్బు ఆకాశమంతా కమ్మింది. తొలి చినుకులు కాలిన నేల మీద చిటపటలాడాయి, మరుక్షణం కుండపోత. మూటలు తడుస్తున్నా పట్టించుకొన్నవారు లేరు. ముసలివారు నోళ్లు తెరిచి వాన తాగారు. ఎవరి ఎద్దులను ఎవరు విప్పారో తెలియదు. వాగు హోరు వినవస్తుండగా గుడి వసారాలో జ్ఞానమ్మకు ఆడబిడ్డ పుట్టింది.

రాయపరెడ్డి తడి చేతులతో చువ్వను పెరికి వాగులో విసిరివేశాడు. "గంట మోగలేదు. మనం పోవలసిన వేళ రాలేదు. ఇక రానియ్యను," అన్నాడు.

నాటి నుంచి ఈ తల్లి ఆగిననీడ మాత. నిండు నెలల స్త్రీలు, ఊరు విడువక తప్పని కష్టంలో ఉన్నవారు నడిమి గీత మీద అరచేయి ఆనించి ప్రార్థిస్తారు. తల్లి వారిని ఇంటిపట్టున నిలుపుతుంది. ఈ గుడిలో ఉదయం, సాయంకాలం గంట కొడతారు, మధ్యాహ్నం కొట్టరు. ఆనాటి మధ్యాహ్నం ఈ ఊరికి ఇంకా కాలేదు.