ఆకుతోట ధారపోసిన దీక్షితులు

కంకణాలపాడు రాజుగారికి ఆకలేస్తే న్యాయం కూడా తొందరగా జరిగిపోవాలి. ఆ రోజు నిండు సభలో అన్నాడు:

"ఈ ఆకుతోట తగవులో ధర్మాధికారి మాటకి అడ్డం చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. లేదంటే వడ్డన అయ్యేలోగా ముద్ర వేసేస్తాను."

తగవు ఇదీ. అక్కుబాయి అనే ముసలామె తమలపాకుల తోట వదిలి కన్నుమూసింది. కన్నపిల్లలు లేరు. మంచాన పడ్డప్పుడు ఎత్తి దించింది పెంపుడు కూతురు నూకాలు. ఆ తోట పోతే నూకాలుకి నిలవనీడ లేదు. కానీ ముసలామెకి చదువుకున్నవాళ్ళంటే నమ్మకం, పాపం. వీలునామాలో ఇలా రాయించింది: "నా తోట ఎవరికి చెందాలో ఎంచే హక్కు ధర్మాధికారి సోమనాథ దీక్షితులవారిది. ఎంచినవారికి దీక్షితులవారే తమ చేత్తో ధారపోయాలి."

దీక్షితులు బాగా ఆలోచించాడట. లోకంలో ఉన్న యోగ్యులందరినీ తూచి చూశాడట. చివరికి ఒక్కడే తేలాడు. తనే.

"నన్ను నేను ఎంచుకోకూడదని ఇందులో ఉందా?" అని సభనడిగాడు.

లేదు. పండితులు తలలూపారు. ఆ తలలు ఉన్నదే అందుకు.

రాజుగారికి తాంబూలం అందించే కోనమ్మ ఆకుల ఈనెలు తీస్తూ నోరు విప్పింది.

"బాగా ఎంచారు దీక్షితులవారూ. మరి ధారపోయండి, చూసి తరిస్తాం."

దీక్షితులు నీళ్ళ చెంబు కుడిచేత పట్టి, ఎడమ అరచేయి చాచాడు.

"ఎడంచేత్తో దానం పడతారా? మాలాంటి తెలివితక్కువవాళ్ళం కూడా పట్టమే."

చెంబు ఎడమచేతికి మారింది.

"ఎడంచేత్తో ఇస్తారా? అదీ నిండు సభలో."

చెంబు మళ్ళీ కుడిచేతికొచ్చింది. దేవుడు రెండో కుడిచెయ్యి ఇవ్వలేదు, ఇంత పండితుడికి కూడా.

"కంగారెందుకండీ? ఇదిగో, ఈ మూల నిలబడ్డ నూకాలు కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. తోట మీకు పోయాక దానికింక పనేముంది?"

"అవునవును, పట్టవే పిల్లా," అన్నాడు దీక్షితులు. నూకాలు కుడి అరచేయి చాచింది. తన మంత్రం వినడమంటే దీక్షితులుకి మహా ఇష్టమాయె, గొంతు సవరించుకుని, నీళ్ళు వదులుతూ, "న మమ" అని సాగదీసి ముగించాడు.

"ఆ చివరి ముక్కకి అర్థమేమిటండీ?"

"అదీ తెలీదుటే నీకు? 'ఇక ఇది నాది కాదు' అని."

కోనమ్మ ఈనె పక్కన పడేసింది.

"తమరే కాదంటుంటే, అవునని వాదించడానికి మేమెవరమండీ?"

"ఆ పిల్ల నా తరఫున పట్టింది."

"ఆ ముక్క మంత్రంలో వినపడలేదు. పోనీ, నిండు సభలో చదివిన మంత్రం అబద్ధమని సెలవివ్వండి, తోట మీదే."

రాజుగారు ఆకలి మరిచి విరగబడి నవ్వాడు, నూకాలు పేరు మీద ముద్ర గుద్దాడు, మెడలోని ముత్యాల పేట తీసి కోనమ్మకిచ్చాడు. పండితులు తలలూపారు, ఈసారి ఇటువైపు.

దీక్షితులు మాత్రం ఖాళీ చెంబు వంచుకునే నిలబడ్డాడు.